క్యూఓఎస్ ఆన్ చేసినా కాల్ ముక్కలవుతోందా? రౌటర్‌లో ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయాలి

"క్యూఓఎస్ ఆన్ చేశానండీ, ల్యాప్‌టాప్‌కి హై ప్రయారిటీ కూడా పెట్టాను. అయినా మీటింగ్‌లో నా గొంతు తెగిపోతోందంటున్నారు." వారంలో రెండుమూడుసార్లు ఈ మాట వింటాను. మధురవాడ ఫ్లాట్ల నుంచి, గాజువాక షాపుల నుంచి, ఉక్కునగరం క్వార్టర్ల నుంచి ఇదే ప్రశ్న. విశాఖలో ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ వేసే పని నాది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పే బదులు, మొదటి నుంచి చివరిదాకా వరసగా రాస్తున్నాను. ఓ గంట టైం పెట్టుకుని, వరస తప్పకుండా చేయండి. 3వ మెట్టులో స్పీడు కొలవడం మాత్రం రోజులో మూడుసార్లు చేయాలి.

ముందు ఒక్క విషయం. క్యూఓఎస్ అంటే ఏ డేటా ముందు పోవాలో, ఏది ఆగాలో రౌటర్‌కి చెప్పే సెట్టింగ్. రౌటర్ ప్రయారిటీ ఇవ్వగలిగేది తన దగ్గర నిలబడ్డ క్యూకి మాత్రమే. జామ్ హనుమంతవాకలో ఉంటే మద్దిలపాలెం జంక్షన్‌లో కానిస్టేబుల్ ఎంత విజిలేసినా అంబులెన్సుకు దారి రాదు కదా. మీ ఇంట్లో డేటా క్యూ చాలాసార్లు ఫైబర్ బాక్స్‌లోనో, నెట్ కంపెనీ వాళ్ల వైపో నిలబడుతుంది. దాన్ని మీ రౌటర్‌లోకి లాక్కుంటేనే ప్రయారిటీ లిస్టుకు పని ఉంటుంది. కింద చెప్పేవాటిలో సగం ఆ లాక్కోవడం గురించే.

కావలసినవి

ఒక ల్యాప్‌టాప్ లేదా కంప్యూటర్, మూడు మీటర్ల మంచి ల్యాన్ కేబుల్, రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్, కాగితం, పెన్ను. లాగిన్ పేజీ అడ్రస్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా రౌటర్లకు 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ, జియోఫైబర్ బాక్స్‌కైతే 192.168.29.1. వైఫై పాస్‌వర్డ్, లాగిన్ పాస్‌వర్డ్ రెండూ వేరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఏదీ మార్చకముందు ఇప్పుడున్న సెట్టింగ్‌లకు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. సెట్టింగ్ చెడిపోయినప్పుడు ఆ ఫొటోలే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తాయి.

1. జబ్బు క్యూదా, వైఫైదా తేల్చుకోండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలు పక్కపక్కన తెరవండి. మొదటిదాంట్లో పింగ్ (ping) కమాండ్ కొట్టి, ఖాళీ వదిలి మీ రౌటర్ అడ్రస్, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, దాని పక్కనే చిన్న టీ అక్షరం. రెండోదాంట్లో రౌటర్ అడ్రస్ బదులు 8.8.8.8 కొట్టండి. అది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్, అంటే వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్ చెప్పే కంప్యూటర్. రెండూ ఆగకుండా నడుస్తూ, అవతలి నుంచి జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఒక్కో లైనులో చూపిస్తుంటాయి.

ఇప్పుడు మీరు మామూలుగా కాల్ మాట్లాడే చోటే కూర్చుని, వైఫై మీదే ఉండి, ఓ 500 ఎంబీ వీడియోని గూగుల్ డ్రైవ్‌కి అప్‌లోడ్ పెట్టండి. రెండు కిటికీలనూ రెండు నిమిషాలు గమనించండి.

రౌటర్ పింగే 2, 3 నుంచి 80, 200కి ఎగిరెగిరి పడుతుంటే జబ్బు వైఫైది. క్యూఓఎస్ దాన్ని నయం చేయలేదు. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, రౌటర్‌ని టీవీ వెనక నుంచో ఇనప బీరువా పక్క నుంచో తీసి ఎత్తులో పెట్టండి, కుదిరితే ల్యాప్‌టాప్‌కి కేబులే వేయండి. రౌటర్ పింగ్ కుదురుగా ఉండి 8.8.8.8 పింగ్ మాత్రం లేస్తే అది క్యూ. అప్పుడే మిగతా మెట్లకు రండి.

కేబుల్ గురించి మనూరి మాట ఒకటి. బీచ్ రోడ్, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ల్యాన్ కనెక్టర్ లోపలి పిన్నులు ఆకుపచ్చగా చిలుమెక్కుతాయి. కనెక్టర్ బయటకు లాగి వెలుతురులో చూడండి. గిగాబిట్ లింకుకు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. ఒక్క పిన్ను పాడైనా లింకు చప్పుడు లేకుండా 100కి దిగిపోవచ్చు. 200 ప్లాన్ తీసుకుని "స్పీడు 94 దాటట్లేదు" అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. కొత్త కేబుల్ వేసి చూస్తే తేలిపోతుంది.

2. ఇంట్లో ఎన్ని బాక్సులున్నాయి, ఏ వస్తువు ఏ బాక్సుకి తగిలించి ఉంది?

నెట్ అబ్బాయి పెట్టిన ఫైబర్ బాక్స్ ఒకటి, మీరు కొన్న రౌటర్ ఒకటి. రెండూ వైఫై ఇస్తున్నాయి. ల్యాప్‌టాప్ మీ రౌటర్ మీద ఉంది, టీవీ, కెమెరాలు మాత్రం పాత అలవాటుగా ఫైబర్ బాక్స్ వైఫై మీదే ఉన్నాయి. అలాంటప్పుడు టీవీ ఎంత లాగుతోందో మీ రౌటర్‌కి తెలియనే తెలియదు. తెలియనిదాన్ని అది ఎలా ఆపుతుంది?

రౌటర్‌లో కనెక్టెడ్ డివైజెస్ లిస్ట్ తెరిచి, ఇంట్లో నెట్ వాడే ప్రతి వస్తువూ అందులో ఉందో లేదో కాగితం మీద టిక్ పెట్టుకోండి. లేనిది ఏదైనా ఉంటే దాన్ని మీ రౌటర్ మీదికి మార్చండి. అన్నీ మారాక ఫైబర్ బాక్స్ వైఫై ఆపేయండి. ఇంకా మంచి దారి, ఆ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైన్ మాత్రం అందించేలా, పెట్టమని నెట్ వాళ్లని అడగడం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. పెట్టకపోయినా మీ క్యూఓఎస్ ఆగదు, మీ వస్తువులన్నీ మీ రౌటర్ వెనక ఉంటే చాలు.

జాగ్రత్త: ఫైబర్ బాక్స్ వెనక రీసెట్ గుంతలో పిన్ను గుచ్చకండి. నెట్ వాళ్లు పెట్టిన లాగిన్, వీల్యాన్ సెట్టింగ్‌లు చెరిగిపోతే వాళ్లొచ్చేదాకా ఇంట్లో నెట్టే ఉండదు. శనివారం సాయంత్రం ఆ పని చేస్తే సోమవారం దాకా ఎదురుచూడాల్సి రావచ్చు.

3. క్యూఓఎస్ ఆపి, అసలు స్పీడు కొలవండి

పాత అంకెల మీద క్యూఓఎస్ ఆన్‌లో ఉండగా కొలిస్తే ఆ పాత అంకెలే తిరిగి కనిపిస్తాయి. అందుకే ముందు ఆపండి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి తగిలించండి. మిగతా ఫోన్లు, టీవీ, కెమెరాల వీడియో రికార్డ్ చేసే డీవీఆర్ పది నిమిషాలు నెట్ నుంచి తీసేయండి. "ఒక్క పది నిమిషాలు" అని ఇంట్లో ముందే చెప్పుకోవడం మంచిది.

స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేయండి: పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఒకసారి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాసుకోండి. రెండింటిలోనూ అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె చుట్టూ గీత గీయండి. ప్లాన్ కాగితం మీద ఉన్న అంకెతో మనకిక పనిలేదు.

4. గడిలో సరైన అంకె రాయండి

నేను చూసిన ఇళ్లలో ఎక్కువ చోట్ల తప్పు ఇక్కడే దొరికింది. ప్రయారిటీ లిస్ట్ చక్కగా ఉంటుంది, పైనున్న అప్‌లోడ్, డౌన్‌లోడ్ గడులు మాత్రం ఖాళీగానో, ప్లాన్ అంకెతోనో ఉంటాయి. మీరు గీత గీసిన అంకెలో 90 శాతం రాయండి. ఆ కొంచెం తగ్గించడం వల్లే క్యూ ఫైబర్ బాక్స్ వదిలి మీ రౌటర్‌లోకి వస్తుంది.

ఎంవీపీ కాలనీలో ఓ రిటైర్డ్ మాస్టారి ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే "ఏటి బాబూ, కొత్త రౌటర్ కొన్నా మా అబ్బాయి మాట ముక్కలు ముక్కలుగానే వస్తోందంటన్నారట, పొద్దున్నేమో బాగుంటది, సాయంత్రం ఏడయ్యేసరికి ఇదీ వరస" అన్నారు. ప్లాన్ 60 ఎంబీపీఎస్. రౌటర్‌లో అప్‌లోడ్ గడిలోనూ, డౌన్‌లోడ్ గడిలోనూ 60 అనే ఉంది. కొలిస్తే డౌన్‌లోడ్ 57 వచ్చింది, అప్‌లోడ్ 19. రౌటర్ మాత్రం తన దగ్గర అప్‌లోడ్‌కి ఇంకా 41 ఖాళీ ఉందనుకుంటోంది. ఖాళీ ఉందనుకున్నప్పుడు ఎవరినీ ఆపదు, అన్నిటినీ వదిలేస్తుంది. అవన్నీ వెళ్లి ఫైబర్ బాక్స్ దగ్గర గుమిగూడతాయి.

ఏడింటికే ఎందుకు? డీవీఆర్ నాలుగు కెమెరాల వీడియోని క్లౌడ్‌కి పంపుతోంది, కెమెరాకి 2 చొప్పున 8 ఎంబీపీఎస్. అది రోజంతా ఉన్నదే. ఏడింటికి కోడలు ఆఫీసు నుంచి రాగానే ఆమె ఫోన్ వైఫై అందుకుని, ఆరోజు తీసిన ఫొటోలు, వీడియోలు బ్యాకప్ మొదలుపెడుతుంది. 19 నిండిపోతుంది. నా ల్యాప్‌టాప్‌లో 8.8.8.8 పింగ్ 10, 11, 10 అని నడుస్తున్నది చూస్తుండగానే 180, 340, 410 అయింది. అదే నిమిషంలో లోపలి గదిలోంచి అబ్బాయి "హలో, వినబడుతోందా?" అంటున్నాడు.

అప్‌లోడ్ గడిలో 17, డౌన్‌లోడ్ గడిలో 51 రాశాం. బ్యాకప్ నడుస్తుండగానే పింగ్ 22, 25 దగ్గరకు దిగింది. ప్రయారిటీ లిస్ట్‌లో నేనేమీ మార్చలేదు.

ఈ గడుల దగ్గర జరిగే తప్పులు మరో రెండున్నాయి.

యూనిట్ తప్పు. కొన్ని రౌటర్లు ఎంబీపీఎస్‌లో అడుగుతాయి, కొన్ని కేబీపీఎస్‌లో. 17 ఎంబీపీఎస్ అంటే 17000 కేబీపీఎస్. కేబీపీఎస్ గడిలో 17 అని రాస్తే ఇల్లంతా డయలప్ రోజుల్లోకి వెళ్లిపోతుంది. గాజువాకలో ఓ షాపాయన ఇలాగే రాసి, రౌటర్ పాడైందనుకుని కొత్తది కొనబోతుంటే ఆపాను. డౌన్‌లోడ్ మేనేజర్‌లో కనిపించే ఎంబీ అనేది బైట్ల లెక్క, ప్లాన్‌లో ఎంబీపీఎస్ బిట్ల లెక్క. 8 బిట్లు ఒక బైట్. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఫైల్ సెకనుకు 12 ఎంబీ వస్తుంటే మీ లైన్ బాగున్నట్టే.

గడులు తారుమారు. డౌన్‌లోడ్ అంకె అప్‌లోడ్‌లో, అప్‌లోడ్ అంకె డౌన్‌లోడ్‌లో పడుతుంది. మెనూలో పేరు ఇన్, అవుట్ అనో, ఇన్‌గ్రెస్, ఈగ్రెస్ అనో ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. కింది మెట్టులో బయటపడిపోతుంది.

5. రౌటర్ నిజంగా మాట వింటోందా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇది, ఎందుకంటే అబద్ధం చెప్పదు. డౌన్‌లోడ్ గడిలో కావాలనే 5 ఎంబీపీఎస్, అప్‌లోడ్ గడిలో 2 ఎంబీపీఎస్ రాసి సేవ్ చేయండి. స్పీడ్ టెస్ట్ పెట్టండి.

5కీ 2కీ దగ్గరలో వస్తే క్యూఓఎస్ పనిచేస్తోంది, గడులు కూడా సరైన వైపే ఉన్నాయి. తిరగబడి వస్తే గడులు మార్చండి. ఎప్పటిలాగే 3వ మెట్టులో కొలిచిన స్పీడే వచ్చిందంటే ట్రాఫిక్ క్యూఓఎస్‌ని తాకకుండా పక్కనుంచి పోతోంది.

పక్కనుంచి పోవడానికి మామూలు కారణం హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. స్పీడు పెంచడానికి రౌటర్ ప్రాసెసర్‌ని తప్పించి డేటాని అడ్డదారిన పంపే ఏర్పాటు అది. బ్రాండ్‌ని బట్టి నాట్ బూస్ట్, హార్డ్‌వేర్ నాట్, నాట్ యాక్సిలరేషన్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లో ఆఫ్‌లోడింగ్ అని ఉంటుంది. కొన్ని రౌటర్లు క్యూఓఎస్ ఆన్ చేయగానే దాన్ని వాటంతటవే ఆపేస్తాయి, కొన్ని ఆపవు. మీరే ఆపి, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్లీ 5, 2 పరీక్ష పెట్టండి.

ఆపాక పాత రౌటర్లలో గరిష్ట స్పీడు తగ్గొచ్చు. ప్రాసెసర్ అంతా తానే మోయాలి మరి. 300 ప్లాన్ మీద 180 మాత్రమే వస్తుంటే రెండు దారులు: పెద్ద ప్రాసెసర్ ఉన్న రౌటర్ కొనడం, లేదా రౌటర్ అనుమతిస్తే అప్‌లోడ్‌కి మాత్రమే క్యూఓఎస్ ఉంచడం. ఇళ్లలో కాల్ చెడేది ఎక్కువగా అప్‌లోడ్ నిండినప్పుడే కాబట్టి రెండో దారి ఖర్చు లేని మంచి దారి.

పరీక్ష అయ్యాక 5, 2 తీసేసి అసలు అంకెలు తిరిగి రాయడం మర్చిపోకండి.

6. ఇప్పుడు ప్రయారిటీ

హై ప్రయారిటీ ఒక్క వస్తువుకి, మహా అయితే రెండింటికి ఇవ్వండి. ఇంట్లో అందరినీ సంతోషపెట్టడానికి తొమ్మిదింటికి తొమ్మిదీ హైలో పెట్టినవాళ్లున్నారు. పెళ్లి భోజనాల్లో అందరినీ మొదటి బంతిలో కూర్చోబెట్టాలంటే ఎలా? కాల్ మాట్లాడే ల్యాప్‌టాప్ హై. కెమెరాలు, బ్యాకప్ చేసే ఫోన్లు లో. మిగతావి నార్మల్. కొన్ని టీపీ లింక్ రౌటర్లలో ప్రయారిటీకి టైం కూడా అడుగుతుంది: ఆల్వేస్, 1 గంట, 2 గంటలు, 4 గంటలు. 1 గంట పెట్టి మర్చిపోయి, "పొద్దున పనిచేసింది, ఇప్పుడు చేయట్లేదు" అంటుంటారు. ఆల్వేస్ పెట్టండి.

నిన్నటిదాకా బాగుండి ఈరోజు ప్రయారిటీ పోయిందా? మ్యాక్ అడ్రస్ చూడండి, అంటే రౌటర్ ఒక్కో వస్తువునీ గుర్తుపట్టే నంబర్. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్ వైఫైకి తన అసలు మ్యాక్ ఇవ్వదు, కల్పించిన అడ్రస్ ఇస్తుంది. అది మారితే మీ రౌటర్ దృష్టిలో ఆ ఫోన్ కొత్త చుట్టమే. ఇంటి వైఫై వరకు ఫోన్‌లో ప్రైవేట్ అడ్రస్ లేదా ర్యాండమైజ్డ్ మ్యాక్ ఆపి, ఫోన్ మ్యాక్ లేదా డివైజ్ మ్యాక్ ఎంచుకోండి. తర్వాత రౌటర్‌లో మళ్లీ కలపండి. ల్యాప్‌టాప్‌కి కూడా కేబుల్‌కో మ్యాక్, వైఫైకో మ్యాక్ ఉంటాయి. రెండింటినీ చేర్చండి.

ఐపీ అడ్రస్‌తో రూల్ రాసుంటే రెండు చిక్కులు. అడ్రస్ రిజర్వేషన్ (ఒక వస్తువుకి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే ఏర్పాటు) పెట్టకపోతే కరెంటు పోయి వచ్చాక ఐపీ మారిపోవచ్చు. పైగా 192.168తో మొదలయ్యే రూల్ ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్‌ల మీద నడిచే ట్రాఫిక్‌ని పట్టుకోలేదు. మ్యాక్‌తో రాసే వీలుంటే అదే వాడండి.

అప్లికేషన్‌ని బట్టి రూల్ రాయాలనుకునేవాళ్లకు (యూడీపీ అంటే డేటా పంపే ఒక పద్ధతి, పోర్టు అంటే అప్లికేషన్ వాడే తలుపు నంబర్ లాంటిది): టీమ్స్ ఆడియో, వీడియో యూడీపీ 3478 నుంచి 3481 పోర్టుల మీద నడుస్తుంది, జూమ్ యూడీపీ 8801 నుంచి 8810 మీద. "కాల్స్ అన్నీ యూడీపీయే కదా, మొత్తం యూడీపీకి హై ఇచ్చేద్దాం" అని మాత్రం చేయకండి. యూట్యూబ్ క్విక్ ప్రోటోకాల్‌తో యూడీపీ 443 మీదే వస్తుంది. పిల్లల కార్టూన్లు మీ మీటింగ్‌తో సమానంగా ముందు వరసలో కూర్చుంటాయి. ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లకు పోర్టు రూల్స్ చాలాసార్లు దండగ. కాల్ కూడా వీపీఎన్‌లోంచే పోతుంటే రౌటర్‌కి లోపల ఏముందో కనిపించదు, ఒకటే సొరంగం కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కే ప్రయారిటీ ఇచ్చి వదిలేయండి.

క్యూఓఎస్ మెనూలో కాకుండా వైర్‌లెస్ మెనూలో డబ్ల్యూఎంఎం అని ఒకటుంటుంది, వైఫైలో ఆడియో, వీడియోలను ముందు పంపే ఏర్పాటు. దాన్ని ఆపితే మంచిదని ఎవరైనా చెప్పినా ఆపకండి. అది లేకపోతే వైఫై పాత 54 ఎంబీపీఎస్ స్థాయికి పడిపోతుంది.

7. మీ రౌటర్‌లో ఎస్‌క్యూఎం ఉంటే

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనూ, మరికొన్ని రౌటర్లలోనూ ఎస్‌క్యూఎం అని ఉంటుంది, క్యూ పెరగకుండా దానంతటదే చూసుకునే ఏర్పాటు. అది ఉంటే పై 6వ మెట్టు మొత్తం వదిలేయొచ్చు. కేక్ గానీ ఎఫ్‌క్యూ కోడెల్ గానీ ఎంచుకుని, 4వ మెట్టులో లెక్కేసిన రెండు అంకెలూ రాయండి, చాలు. ఒక్కో కనెక్షన్‌కీ దానంతటదే వంతు పంచుతుంది, ఎవరికి హై, ఎవరికి లో అని మీరు చెప్పనక్కర్లేదు. నా మట్టుకు నేను వీలున్న ప్రతి ఇంట్లో దీన్నే పెడతాను. ప్రాసెసర్ బరువు సంగతి మాత్రం 5వ మెట్టులో చెప్పినట్టే ఇక్కడా చూసుకోవాలి.

8. ఫలితం ఎలా చూడాలి

మళ్లీ అదే 500 ఎంబీ అప్‌లోడ్, అదే 8.8.8.8 పింగ్. ఖాళీగా ఉన్నప్పటి పింగ్ కంటే లోడ్‌లో పెరిగింది 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలా బాగున్నట్టు. 100 దాటుతుంటే అంకెలు ఇంకో 5 శాతం తగ్గించి మళ్లీ చూడండి. 70 శాతానికి దిగినా తేడా లేకపోతే ఇక తగ్గించకండి, 5వ మెట్టు పరీక్ష మళ్లీ చేయండి. పింగ్ కమాండ్ అలవాటు లేనివాళ్లు ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, వివరాలు నొక్కితే లోడ్ లేనప్పుడూ ఉన్నప్పుడూ లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే టైం) ఎంతో విడివిడిగా చూపిస్తుంది.

పింగ్ ఒక్కదాన్నే నమ్మొద్దు. కొన్ని రౌటర్లు పింగ్ ప్యాకెట్లను ప్రత్యేకంగా ముందు పంపుతాయి. అంకె అందంగా ఉంటుంది, కాల్ అలాగే తెగుతుంది. అందుకే అప్‌లోడ్ నడుస్తుండగా ఇంటి బయట ఉన్నవాళ్లతో ఐదు నిమిషాలు నిజం కాల్ మాట్లాడండి. మీకు వాళ్ల మాట ఎలా వస్తోందన్నది పక్కనపెట్టి, మీ మాట వాళ్లకు ఎలా వినిపిస్తోందో అడగండి. అప్‌లోడ్ జబ్బు తెలిసేది అవతలివాళ్లకే. మనిషి మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ సిఫారసు. అది దాటేకొద్దీ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేసుకుంటారు.

ఇవన్నీ చేసినా రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యే కాల్ చెడుతోందా? ఆ టైంలో ఇంట్లో అన్నీ ఆపేసి, కేబుల్ మీద ఒక్క ల్యాప్‌టాప్‌తో పింగ్ పెట్టండి. ఎవరూ వాడకపోయినా 100 దాటుతుంటే, లేదా మధ్యమధ్య రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తుంటే క్యూ నెట్ కంపెనీ వైపు ఉంది. అది మీ రౌటర్ చేతిలో లేని పని. ఆ కిటికీకి తారీఖు, టైం కనపడేలా మూడు రోజులు స్క్రీన్‌షాట్లు తీసి కంప్లయింట్‌తో పాటు పంపండి. "నెట్ స్లో" అని ఫోన్ చేస్తే రౌటర్ రీస్టార్ట్ చేయమంటారు. స్క్రీన్‌షాట్లు పంపితే లైన్ చూడటానికి మనిషిని పంపే అవకాశం ఎక్కువ.

ప్లాన్ మార్చినప్పుడు, రౌటర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయినప్పుడు 3, 4, 5 మెట్లు మళ్లీ చేయండి. 60 నుంచి 150 ప్లాన్‌కి మారి, గడుల్లో 51, 17 అలాగే వదిలేస్తే కట్టే డబ్బు 150కి, వచ్చే స్పీడు 51కి. మాస్టారి ఇంట్లో ఆ రెండు అంకెలూ, కొలిచిన తారీఖూ ఓ స్టిక్కర్ మీద రాసి రౌటర్ అడుగున అంటించి వచ్చాను. మీరూ అంటించుకోండి.